రహీమా టీచర్ వెతికిన మాట

రహీమా బేగం లెక్కల టీచర్. తాండూరు దగ్గరి పల్లెలో తెలుగు బడిలోనే చదువుకుంది. పెళ్లయ్యాక లింగంపల్లిలో కాపురం, కొత్తగూడ సర్కారు బడిలో ఉద్యోగం. భిన్నాలంటే భయపడే పిల్లలు కూడా ఆమె క్లాసులో చెయ్యెత్తేవారు.

తొంభై ఎనిమిది డిసెంబరులో సోషల్ టీచర్ స్వప్న కాన్పుకని సెలవు పెట్టింది. ఏడో తరగతికి ఇస్లాం పాఠం మిగిలిపోయింది. హెడ్మాస్టర్ వెంకటనారాయణ రహీమాను పిలిచారు.

"ఆ పాఠం మీరు తీసుకోండమ్మా. మీకంటే బాగా ఎవరు చెబుతారండీ?"

"నేను లెక్కల టీచర్ను సార్."

"అయినా మీవాళ్ల సంగతే కదా."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. రహీమాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. గుప్తుల పాఠం చెప్పడానికి గుప్తుల వంశంవాళ్లను ఎవరూ వెతకలేదు గదా అనుకుంది. అనుకున్నది పైకి అనలేక, పుస్తకం తీసుకుని క్లాసుకు వెళ్లింది.

అప్పుడు రంజాన్ నెల, రోజాలనే ఉపవాసాల కాలం. రాయదుర్గం వైపు కొత్త కట్టడాల కోసం బండలు పేలుస్తుంటే కిటికీ రెక్కలు అదిరేవి. క్లాసులో సగం మంది ఆ కట్టడాల దగ్గర పనిచేసే కూలీల పిల్లలు. ఆమె పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించింది. పిల్లలు మాత్రం పుస్తకంలో లేనివి అడిగారు.

"టీచర్, రోజా ఉంటే ఉమ్మి గూడ మింగొద్దా?"

"మింగొచ్చు. ఉమ్మితోని రోజా పోదు."

పాలమూరు నుంచి వచ్చిన రాజు లేచాడు. "మా ఊర్ల పీర్ల పండుగకు మా తాత పీరు ఎత్తుతడు టీచర్. ఈ పాఠంల అది లేదేంది?"

"మా ఇంట్ల ఎత్తరు. మీ ఊర్ల ఎత్తుతరు. అన్నీ ఒక్క పాఠంల పట్టవు బిడ్డా" అంది రహీమా.

చివరికి అనూష అడిగింది. "మద్యాన్నం మీరు స్టాఫ్ రూంల నమాజు చేస్తరు గద. మెల్లగ ఏమో సదువుతరు. దానికి అర్థమేంది టీచర్?"

అవి రహీమా చిన్నప్పుడు నేర్చుకున్న అరబ్బీ మాటలు. ఒక్క అక్షరం తప్పకుండా చదవగలదు. అర్థం మాత్రం తెలియదు.

"నాకు తెల్వదు. తెలుసుకొని రేపు చెప్తా" అంది. పిల్లల ముందు ఆ మాట అనడం ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఇఫ్తారు, నమాజు అయ్యాక భర్త గఫార్‌ను అడిగింది. అతను ఉర్దూ బడిలో చదివినవాడు. ఉర్దూ అర్థంతో ఉన్న ఖురాన్ తీసి, నమాజులో చదివే మొదటి సూరాకు, అంటే మొదటి అధ్యాయానికి, అర్థం చదివాడు. "సారే జహాన్ కా పాల్నేవాలా."

"అంటే లోకాలను పాలించేవాడు" అని తెలుగులో అనుకుని, తృప్తిగా రాసుకోబోయింది.

పక్కన కూర్చున్న అత్త ఖాసింబీ ఆపింది. "పాలించుడేంది బేటీ, రాజు లెక్క? పిల్లల్ని పాల్తం గద, అన్నం పెట్టి, కడిగి, పండబెట్టి. ఆ పాల్నా."

రహీమా చాలాసేపు ఆలోచించింది. తన పల్లెలో ఆ పనికి ఒక మాట ఉంది. ఇన్నేళ్లుగా దేవుడి పక్కన ఆ మాట పెట్టి చూడలేదు. ఎందుకో కళ్లు చెమర్చాయి.

మర్నాడు క్లాసులో చెప్పింది. "దానర్థం, అన్ని లోకాలను సాకేటోడు అని."

"మా అవ్వ నన్ను సాకినట్టా టీచర్?" అంది అనూష. తల్లిదండ్రులు పనికి పోతే ఆ పిల్లను పెంచింది నాయనమ్మే.

"గట్లనే."

అనూష తలూపి కూర్చుంది.

ఆ రోజే రహీమా హెడ్మాస్టర్ గదికి వెళ్లింది. "పాఠం అయిపోయింది సార్. నాకు మంచిగనే అనిపించింది. కానీ వచ్చే ఏడు స్వప్న టీచరే చెప్పాలె. ఇది నా ఒక్కదాని పాఠం కాదు, అందరిది."

వెంకటనారాయణ కళ్లజోడు తీసి, "నేను ఆలోచించకుండా అన్నానమ్మా" అన్నారు.

మరుసటి ఏడు స్వప్నే చెప్పింది. చెప్పేముందు మాత్రం, "వెనక కూసో అక్కా, నేను తప్పు చెప్తే ఆపు" అని రహీమాను పిలిచింది. రహీమా ఆఖరి బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. స్వప్న ఒక్కసారి పేదలకిచ్చే జకాత్‌ను రోజా అనబోతే రహీమా చెయ్యెత్తింది. పిల్లలంతా నవ్వారు. స్వప్న కూడా నవ్వి, సరిచేసుకుని పాఠం కొనసాగించింది.