నేను కలిపిన నెల

మొన్న మా చిన్న కోడలు స్కానింగు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, లెక్కలంటే మీకు సరదా కదా మావయ్యగారూ, ఇందులో ఏమైనా తప్పుందేమో చూడండి అంది. నవ్వులాటకు అన్న మాటే. ఆ కాగితం మీద లోపలి బిడ్డ వయసు ఇన్ని వారాల ఇన్ని రోజులని, తొడ ఎముక ఇన్ని మిల్లీమీటర్లని, కాన్పు ఫలానా తేదీకని అచ్చుపడి ఉంది. ఆమెకిది రెండో కాన్పు. మొదటిది ఆపరేషను కాబట్టి ఇదీ ఆపరేషనేనని ఆసుపత్రివాళ్ళు రోజు కూడా చెప్పేశారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, క్యాలెండరు మీద పెన్సిలుతో వెనక్కి లెక్కపెట్టి చూశాను. ఒక్క రోజు కూడా తేడా రాలేదు. అంతా సరిగ్గానే ఉందమ్మా అని కాగితం ఇచ్చేశాను. ఒకప్పుడు నేను కూడా ఒక డాక్టరమ్మగారికి ఇలాగే ఒక తేదీ లెక్కగట్టి ఇచ్చాను. అది ఎలాంటి తేదీయో నా ఈడువాళ్ళకైతే సులువుగా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతి దాటి చదవలేదు. బందరులో ఒక కలప అడితిలో కొలతలు రాసే గుమాస్తాగా చేరాను. దుంగ చుట్టూ టేపు పట్టి, చుట్టుకొలతా పొడవూ చెవిన పడగానే ఎన్ని ఘనపుటడుగులో కాగితంతో పని లేకుండా చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. అది వచ్చాక పంచాంగం మీద పడ్డాను. తిథి ఒకరోజు ఎందుకు తరుగుతుంది, ఒకరోజు ఎందుకు పెరుగుతుంది, దాదాపు మూడేళ్ళకొకసారి ఒకే పేరుతో రెండు నెలలు ఎందుకు వస్తాయి, వాటిలో మొదటిదాన్ని అధిక మాసమని శుభకార్యాలకు ఎందుకు వదిలేస్తారు, ఇవన్నీ ఒకరు చెప్పకుండానే పట్టుకున్నాను. గొడుగుపేటలో మా వీధివాళ్ళకు ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. పక్కింటి రిక్షా భాయి కూడా నెలవంక ఏ రోజు కనిపిస్తుందని నన్నే అడిగి, చెప్పిన రోజున కనిపిస్తే, "లెక్కల బావగారు చెప్పాక చంద్రుడు రాకుండా ఎక్కడికి పోతాడు!" అని వీధంతా వినేలా అనేవాడు. ఆ మాటలకు నేను బాగా అలవాటు పడ్డాను. పడకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మా పెద్దమ్మాయి గుడివాడలో పుట్టింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి మా ఆవిడ వాళ్ళమ్మగారి దగ్గరికి వెళ్ళింది. రెండు రోజులు నొప్పులు పడ్డాక అక్కడి నర్సింగ్ హోములో కడుపు కోసి బిడ్డను తీశారు. ఆ రోజుల్లో పొట్ట కోశారంటే ఆ మనిషి ఇక దేనికీ పనికిరాదన్నట్టు చూసేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. కుట్లు చీము పట్టి, జ్వరం తగ్గక, మా ఆవిడ నెల పైన మంచం దిగలేదు. బిడ్డకు పాలిచ్చే ఓపిక కూడా లేకపోతే మా అత్తగారే ఆవుపాలలో నీళ్ళు కలిపి దూదితో పట్టారు. ఆ నెల రోజుల గురించి మా ఆవిడ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తడం లేదు కాబట్టి మరచిపోయిందని నేను అనుకున్నాను.

మళ్ళీ నీళ్ళోసుకున్నది ఉప్పెన వచ్చిన ఏడాది. రెండో కాన్పు అత్తవారింట్లో, అంటే దివిసీమలో మా అమ్మ దగ్గర జరగాలని ముందు అనుకున్నాం. కార్తీకంలో ఉప్పెన ఆ ఇంటి గోడలను కూల్చి, మంచినీళ్ళ బావిని ఉప్పు చేసి పోయింది. మా అమ్మా నాన్నా ఎలాగో బతికి బయటపడ్డారు గానీ, భద్రంగా ఉంటాయని మేమిచ్చిన గుడివాడ ఆసుపత్రి కాగితాలను మా అమ్మ దాచిన ట్రంకుపెట్టె ఏ చేలో తేలిందో తెలియలేదు. ఆ దుఃఖం వేరు. దాని గురించి రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. కాన్పు ఇక బందరులోనే అని తేలింది, మా అత్తగారు గుడివాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయారు.

బందరులో మేం చూపించుకున్న డాక్టరమ్మగారు క్రైస్తవులు, యాభై దాటినావిడ, పల్లెటూరి నుంచి చదువుకుని పైకి వచ్చిన మనిషి. ఎప్పుడూ తెల్ల నూలుచీర, తక్కువ మాట. మొదటి రోజే ఆవిడ చెప్పిన సంగతి నాకు కొత్త. పైన మచ్చ ఎలా ఉన్నా, లోపల గర్భసంచిని ఎటు కోశారో తెలియాలట. కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే నొప్పులు రానిచ్చి మామూలు కాన్పుకు చూడవచ్చు, నిలువుగా పైదాకా కోసి ఉంటే నొప్పులు రానివ్వనే కూడదు, పాత కుట్టు విచ్చుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది అన్నారు. నేను మర్నాడే రైలెక్కి గుడివాడ వెళ్ళి, నర్సింగ్ హోములో పాత రిజిస్టర్లు తిరగేయించి, కింద అడ్డంగానే కోశారని రాయించుకుని వచ్చాను. అది చదివి ఆవిడ, అయితే రెండు దార్లూ ఉన్నాయండీ, రోజు చూసుకుని ఆపరేషను చేసేయడం ఒకటి, ఆసుపత్రికి దగ్గరలో ఉండి నొప్పుల కోసం ఎదురుచూడటం ఒకటి, దేని భయం దానికి ఉంది, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి అన్నారు.

ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఆ రోజుల్లో నేను మాట్లాడటమే. మా అత్తగారు మాత్రం, "ఇంకోసారి ఆ కత్తి కిందికి పంపితే నా పిల్ల లేవదు అల్లుడుగారూ" అని ఒక్కసారి అని, నేను పంచాంగం తిరగేస్తూ ఉండేసరికి చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. నొప్పుల కోసం కనిపెట్టుకు కూర్చోవడమంటే నా వల్ల కాని పని. అది ఏ రోజో, ఏ గంటో, వచ్చాక ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆపరేషనుకైతే ఒక తేదీ ఉంటుంది. తేదీ అంటూ ఉంటే దాన్ని పట్టుకుని నడవగలనని నా ధైర్యం. అందుకే, ఆపరేషనుకే ఒప్పుకున్నామండీ అని వెళ్ళి చెప్పాను. ఒప్పుకున్నది నేనొక్కడినే.

అప్పుడు డాక్టరమ్మగారు మా ఆవిడ వంక తిరిగి నెలలు అడిగారు. ఆమె నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. అది మాఘమాసం. ఆరో నెల నిండవస్తోందని మా అత్తగారు ఇంట్లో అంటూ ఉన్నారు. ఆ ఏడాది శ్రావణాలు రెండు వచ్చాయని నాకు తెలుసు. పెద్దవాళ్ళు అధిక మాసాన్ని నెలగా ఎంచరు, మా అత్తగారు చదువుకోని మనిషి కాబట్టి అమావాస్యలు లెక్కపెట్టేటప్పుడు దాన్ని వదిలేసే ఉంటారు అని నాకు నేనే అనుకుని, ఆవిడను ఒక్క మాట అడగకుండా ఒక నెల కలిపాను. కలిపి, ఇంగ్లీషు తేదీల్లోకి మార్చి, చైత్రం చివరికి నెలలు నిండుతాయని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ చూసి, "భలే రాశారండీ, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలా తేదీ చెప్పేవాళ్ళే ఉండరు" అన్నారు. దాన్నిబట్టి ఉగాది వెళ్ళిన పదో రోజున ఆపరేషను అని నిర్ణయమైంది. ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో మా ఆవిడ పక్కన నేను ఎంత నిటారుగా కూర్చున్నానో నాకు ఇంకా గుర్తుంది. అంత ముందుగానా అని మా అత్తగారు మొహం అదోలా పెట్టారు గానీ, ఆపరేషన్లంటే ముందే చేస్తారు కాబోలని ఊరుకున్నారు.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున చివరిసారి చూపించుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మగారు బొడ్డు పైన వేళ్ళు ఆనించి కొలిచి, మళ్ళీ కొలిచి, నా వంక తిరిగారు.

"మీ లెక్క ప్రకారం గర్భసంచి పై అంచు పక్కటెముకల దగ్గరికి రావాలండీ. రాలేదు. నెలలన్నా తప్పయి ఉండాలి, లోపల బిడ్డ ఎదగడమన్నా ఆగిపోయి ఉండాలి."

నా లెక్క తప్పదండీ అన్నాను.

"బాగా చూసుకుని చెప్పండి. ఎదగడం ఆగితే ఎల్లుండే తీసేయాలి. నెలలే తప్పయితే తీయకూడదు. నెల తక్కువ పిల్లకు ఊపిరి అందకపోతే అందించే సాధనం నా దగ్గర లేదు."

చూసుకున్నానండీ అన్నాను. ఎల్లుండి పొద్దున్నే తీసుకొచ్చేయండి అన్నారావిడ.

వరండాలో బల్ల మీద కూర్చున్న మా అత్తగారికి ఆ సంగతి చెబితే, అదేంటి, ఇంకా ఎనిమిదో నెలేగా నడుస్తోంది అన్నారు. మీరు అధిక శ్రావణాన్ని వదిలేశారు అత్తయ్యగారూ, దాన్ని కలుపుకోవాలి అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

"నేను వదిలేసేదేంటి? అది వెళ్ళాకే కదా నెల తప్పింది! వ్రతానికి నేను బందరు రాలేదూ? పిల్ల బయట ఉండి పీటల మీద కూర్చోలేకపోతే, ఆ పై శుక్రవారం దాకా ఆగి చేయించి మరీ వెళ్ళాను. ఆ తర్వాత మళ్ళీ తలస్నానం లేదు. అధిక మాసంలో వరలక్ష్మీ వ్రతం ఎవరన్నా చేస్తారా అల్లుడుగారూ?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ వ్రతం నాటి పూర్ణాలు నేను అడితి నుంచి వచ్చి తిన్నాను. శుక్రవారం ఎందుకు మారిందో అడగాలని కూడా నాకు తోచలేదు. నా ఇంట్లో జరిగినది నాకు తెలియక, ఆకాశంలో జరిగిన దానితో దిద్దబోయాను. లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పడానికి పది అడుగులు. చుట్టూ చీటీలు పట్టుకున్న ఆడవాళ్ళు. ఆ పది అడుగులూ వేయడానికి నాకు చాలాసేపు పట్టిందని, అప్పుడు కూడా చెప్పకుండా ఇంటికి వెళ్ళి ఇంకోసారి పంచాంగం చూద్దామా అని ఒక క్షణం అనుకున్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. చివరికి తలుపు దగ్గర నిలబడి, తప్పు నాదేనండీ, ఒక నెల ఎక్కువ కలిపాను అన్నాను.

డాక్టరమ్మగారు నేను రాసిచ్చిన తేదీ మీద అడ్డగీత కొట్టారు. మా ఆవిడను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఏమ్మా, ఇన్నాళ్ళుగా వస్తున్నావు, నీ నోటి వెంట ఒక్క మాట వినలేదు. నువ్వేమంటావు?"

మా ఆవిడ నా వంక చూడలేదు. "నొప్పులు రానివ్వండి డాక్టరమ్మగారూ. ఆయన తేదీ అయిపోయిందిగా, ఇంక బిడ్డనే చెప్పనివ్వండి."

"రానిద్దాం. కానీ కుట్టు దగ్గర లాగినా, మండినా దాచకూడదు. అప్పుడు నేను కోస్తానంటే వద్దనకూడదు."

"అననండి."

ఆ తర్వాత ఆరు వారాల పైన గడిచాయి. ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి గేటు దాకా అడుగులు లెక్కపెట్టి పెట్టుకున్నాను. రిక్షా భాయి దూరపు బేరాలు మానుకుని బండిని మా చూరు కిందే నిలిపేవాడు. నేను అడితి నుంచి వచ్చినప్పుడల్లా ఏమైనా తెలుస్తోందా అని అడుగుతుంటే, మా అత్తగారు, "అన్నిసార్లు అడిగితే బిడ్డ సిగ్గుపడి లోపలే ఉండిపోతుంది" అని వేళాకోళం చేసేవారు. మా ఆవిడ మాత్రం ఎన్నడూ లేనంత నిదానంగా తిరిగింది. పొద్దున్నే తులసికోట దగ్గర ముగ్గు వేసుకునేది, మధ్యాహ్నం చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకునేది. నాకు ఆ చాప వంక చూడాలంటే భయంగా ఉండేది.

రోహిణీ కార్తెలో, రోడ్డు మీద తారు కరిగే ఎండలో, పొద్దున పదింటికి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే ఉందని, ఇలాగే సాగితే సాయంత్రానికి కాన్పు అయిపోవచ్చని నర్సమ్మ వచ్చి చెప్పింది. మూడింటప్పుడు మా ఆవిడే డాక్టరమ్మగారిని పిలిపించి, నొప్పి లేనప్పుడు కూడా కుట్టు దగ్గర మంట పుడుతోందని చెప్పిందట. కత్తి అంటే అంత భయపడిన మనిషి, చెబితే కత్తేనని తెలిసి చెప్పింది. డాక్టరమ్మగారు ఒక్క నిమిషం ఆగకుండా ఆపరేషను చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. నిండు నెలల పిల్లవాడు కాబట్టి బయటపడుతూనే వరండాలో ఉన్న మాకు వినిపించేలా ఏడ్చాడు.

డాక్టరమ్మగారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "పాత కుట్టు ఉల్లిపొరలా ఉందండీ. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో నేను చెప్పలేను. మీరు ఇచ్చిన తేదీకి తీసి ఉంటే మాత్రం ఈ పిల్లవాడు దక్కేవాడని అనుకోను" అన్నారు. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ఎన్ని ఏళ్ళు చూసుకున్నా, ఎటు మొగ్గాలో నాకు తేలలేదు. నేను చెప్పిన దారిలో బిడ్డ పోయేవాడు, ఆమె కోరిన దారిలో ఇద్దరూ పోయేవారేమో. తేడా అల్లా, ఆమె దారిలో ప్రమాదం వస్తుంటే ఆమెకు తెలిసింది, చెప్పింది.

ఇప్పుడు అంత భయం అక్కర్లేదు. నెల తక్కువ పిల్లలను పెట్టెలో పెట్టి బతికించే ఏర్పాటు బందరులోనే ఉంది. ఆడవాళ్ళు బతుకుతున్నారు, పిల్లలు బతుకుతున్నారు, అంతకంటే కావలసిందేముంది. అయితే ఒకసారి కోస్తే మళ్ళీ కోయడమే అన్నది ఎంత మామూలైపోయిందంటే, నువ్వేమంటావమ్మా అని అడగవలసిన పని ఎవరికీ కనిపించడం లేదు. ఆ ఒక్క మాట అడిగి, ఒక ఎండాకాలమంతా ఆ జవాబు వెంట ఆగిన డాక్టరమ్మగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది.

అంత ఎదురుచూసీ చివరికి కత్తే తప్పలేదు కదా, అనవసరంగా ఆగామని ఎప్పుడైనా అనిపించిందా అని నిన్న మధ్యాహ్నం మా ఆవిడను మొదటిసారి అడిగాను. చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "ఎందుకనిపిస్తుంది? ఆ ఆరు వారాలూ ఈ ఇల్లు నా మాట మీద నడిచింది" అంది. అలా నడిచిన వారాలు మా కాపురంలో ఇంకెన్ని ఉన్నాయో అని, అలవాటు కొద్దీ వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక చేతి వేళ్ళు కూడా నిండలేదు.