బంతి లేని కసరత్తు

2016 నవంబరులో ఒక బుధవారం, గోదాములో పగటి షిఫ్టు దిగిన అమరేందర్ ఇంటికి వెళ్ళే బస్సు వదిలేసి, లీసెస్టర్ శివార్లలో ఉన్న ఒక చిన్న కాలేజీకి వెళ్ళే బస్సు ఎక్కాడు. వాన పడుతోంది. అతని దగ్గర గొడుగు లేదు. మెడలో ప్లాస్టిక్ విజిల్ ఒకటి వేలాడుతోంది. ఆ కాలేజీతో అతనికి ఏ సంబంధమూ లేదు. ఇంట్లో అద్దెకున్న కుర్రాడు రమ్మన్నాడని బయల్దేరాడు.

అమరేందర్‌కి నలభై ఒకటి. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పీఈటీగా పనిచేసేవాడు. అంతకుముందు జిల్లా కబడ్డీ జట్టులో ఎడమ మూల కాచేవాడు. కూతకొచ్చినవాడి చీలమండ దొరికిందంటే రెఫరీ విజిల్ వేసేదాకా వదలడని అతనికి పేరుండేది. భార్య గిరిజకి లీసెస్టర్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో 2010లో ఆమె వెంట వచ్చాడు. ఇక్కడ పీఈటీ సర్టిఫికెట్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆరేళ్ళుగా గోదాములో అట్టపెట్టెలు సర్దుతున్నాడు. సూపర్‌వైజర్‌కి పేరు పలకడం రాక 'ఆమ్' అంటాడు. సొంతూళ్ళో దారిన పోతుంటే పిల్లలు సైకిళ్ళు దిగి "సార్, నమస్తే" అనేవారు. ఆ ఒక్క పిలుపు పోయిన లోటు అమరేందర్‌కి చలికన్నా, పెట్టెల బరువుకన్నా ఎక్కువగా తెలిసేది.

అద్దెకున్న కుర్రాడు ఆదర్శ్. నల్లగొండ వాడు, ఆ కాలేజీలోనే ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఆరడుగుల పైన మనిషి, నూట అయిదు కిలోలు. కాలేజీ తెరిచిన వారంలో ఏ క్లబ్బులో చేరాలా అని చూస్తూ నడుస్తుంటే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు అతని సైజు చూసి చెయ్యి పట్టుకుని ఆపేశారు. హెల్మెట్లు, భుజాలకి తొడుగులు, కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉండే ఆట అది. ఆదర్శ్ అంతకుముందు టీవీలో కూడా చూడలేదు.

ఇంట్లో చేరిన మొదటి వారం వంటింట్లోకి వచ్చి, "అంకుల్, చాయ్ పెట్టాల్నా?" అన్నాడు.

"అంకుల్ ఏందిరా? జుట్టు ఇంకా నల్లగనే ఉంది. అన్న అను."

"రంగేస్తే నల్లగనే ఉంటది," అంది గిరిజ సింకు దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

నవంబరు నాటికి జట్టు ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడింది. ఆదర్శ్ ఆదివారం సాయంత్రం మెట్ల మీదే కూలబడి బూట్లు విప్పుకుంటూ గొణిగాడు.

"ఆ బాల్ ఇసిరేటోనికాడికి పోనేలేకపోతున్నమన్నా. వాని ముంగట అయిదుగురు గోడలెక్క నిలబడ్తరు. ఆ గోడకు పోయి గుద్దుకునుడే మా పని. వాడు ఆరాంగ చూస్కొని, మంచిగ ఇసురుతడు."

"గోడకెందుకు గుద్దుకుంటున్రు? పక్కకెల్లి పోరాదు?"

"నువ్వొచ్చి చెప్పు మరి."

అలా వెళ్ళాడు. జట్టు కోచ్ కీత్ యాభై దాటిన ఇంగ్లీషు మనిషి, డ్రైవింగ్ నేర్పడం అతని వృత్తి. ఈ పని ఇష్టం కొద్దీ చేస్తున్నాడు. ఆడేవాళ్ళు ఇరవై ఆరుగురున్నారు గాని నేర్పేవాడు అతనొక్కడే. దాడి ఆటగాళ్ళని చూస్తే రక్షణ ఆటగాళ్ళని చూసేవాడు ఉండడు. ఆదర్శ్ పరిచయం చేసినప్పుడు కీత్ అమరేందర్‌ని ఎగాదిగా చూశాడు.

"ఈ ఆట తెలుసా?"

"తెలీదు. మనిషిని పట్టుకోవడం తెలుసు."

కీత్ నవ్వి మైదానం అవతలి మూల చూపించాడు. "ఆ ఎనిమిదిమంది నీ వాళ్ళు."

అమరేందర్ మొదట వాళ్ళ కాళ్ళు చూశాడు. అందరూ నిటారుగా లేచి, ఎదుటివాడి ఛాతీకి ఛాతీ ఆనించి తోస్తున్నారు. అలా తోస్తే బరువున్నవాడిదే గెలుపు. నడుం కిందికి దించమన్నాడు. ఎదుటివాడు చేతులు చాచగానే మణికట్టు మీద కొట్టి, ఆ చేతి కిందనుంచి భుజం దూర్చి పోవడం చేసి చూపించాడు. కబడ్డీలో ఇద్దరు చేతులు కలిపి గొలుసు కడతారు. ఇక్కడ చేతులు కలపకుండానే ఆ పని చేయించాడు. ఒకడు అడ్డంగా వెళ్ళి ఇద్దర్ని తన మీదికి లాక్కుంటాడు, వాడి వీపు వెనకనుంచి రెండోవాడు చుట్టు తిరిగి వెళ్ళి విసిరేవాణ్ణి అందుకుంటాడు. విసిరేవాడి పాత్రలో జట్టులోని ఒక బక్క కుర్రాణ్ణి నిలబెట్టేవాడు. అతను దొరికిన క్షణం అమరేందర్ "పట్టు!" అని అరిచేవాడు. ఆ కుర్రాడు పూర్తిగా నేల మీద పడ్డాకే విజిల్ వేసేవాడు. అంతకుముందే చెయ్యి వదిలినవాడు మైదానం చుట్టూ ఒక రౌండు పరిగెత్తాలి. మహబూబ్‌నగర్‌లో ఏ శిక్ష వేసేవాడో ఇక్కడా అదే వేశాడు.

బంతులన్నీ మైదానం ఇవతలి సగంలో కీత్ దగ్గర ఉండేవి. ఒకసారి కీత్ ఒక బంతి అతనివైపు విసిరి, ఇది కూడా వాడుకో అన్నాడు. అమరేందర్ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. అది లేకుండానే పని నడుస్తోంది.

డిసెంబరు మొదటి ఆదివారం జట్టు గెలిచింది. విసిరేవాణ్ణి బంతి చేతిలో ఉండగానే నాలుగుసార్లు పడేశారు, అందులో మూడు ఆదర్శ్‌వి. గట్టు మీద నిలబడ్డ ఆటగాళ్ళు 'పట్టు' అనడానికి నోరు తిరక్క "పాటూ! పాటూ!" అని అరిచారు. ఆ మాటకి అర్థం అడిగినవాడు లేడు. తర్వాతి వారం కెప్టెన్ ఒక నల్ల హుడీ తెచ్చి అమరేందర్ చేతిలో పెట్టాడు. వీపు మీద తెల్లటి అక్షరాలతో కోచ్ అని ఉంది. అమరేందర్ దాన్ని ఇంట్లో కూడా విప్పలేదు.

"పండుకునేటప్పుడన్న తీస్తవా, దాంతోటే పండుకుంటవా?" అంది గిరిజ.

"చలి పెడ్తుంది."

"ఆరేండ్లసంది పెట్టని చలి ఇప్పుడే పెట్టిందా?"

జనవరిలో ఇంకో గెలుపు. ఆ మ్యాచ్‌లో రెఫరీ ఒకసారి పసుపు గుడ్డ విసిరి ఆట ఆపాడు. బంతి చేతిలోంచి పోయాక కూడా ఆదర్శ్ విసిరినవాడి నడుం వదల్లేదు. పెనాల్టీ వేశారు. విరామంలో కీత్ అమరేందర్ దగ్గరికొచ్చాడు.

"మీవాడికి చెప్పు. బంతి పోయిందంటే చేతులు తీసెయ్యాలి. ఇక్కడ అది చాలా పెద్ద విషయం. విసిరినవాడు అప్పుడు ఒళ్ళు వదిలేసి నిలబడి ఉంటాడు, దెబ్బ కాచుకోలేడు."

అమరేందర్ వెంటనే ఆదర్శ్‌ని పిలిచి చెప్పాడు. "అరే, బాల్ పోయినంక ఇడిచిపెట్టు. పెనాల్టీ పడ్తుందట."

"వంగి ఉంటగదన్నా, బాల్ పోయింది లేంది నాకేం కనవడ్తది?"

"చూస్కోవాలె మరి."

మాట అక్కడితో అయిపోయింది. బుధవారం కసరత్తు ఎప్పటిలాగే జరిగింది. బక్క కుర్రాడు బురదలో పడ్డాకే విజిల్ మోగింది.

2017 ఫిబ్రవరి రెండో ఆదివారం. సొంత మైదానం. రెండో సగం మొదట్లో ఆదర్శ్ ఎడమ అంచునుంచి బయల్దేరి, అడ్డొచ్చినవాడి చేతులు తోసి, వంగి చుట్టు తిరిగాడు. కాలు జారి మోకాళ్ళ మీద పడ్డాడు. పడుతూనే చెయ్యి చాచి విసిరేవాడి చీలమండ అందుకున్నాడు, రెండో చెయ్యి కూడా వేశాడు. అప్పటికే బంతి గాల్లో ఉంది. మైదానంలో అందరి తలలూ బంతి వెంట తిరిగాయి. విసిరినవాడు కూడా అది ఎక్కడ పడుతుందో చూడబోయి ఒళ్ళు అటు తిప్పాడు. కాలు మాత్రం తిరగలేదు. ఆదర్శ్ దాన్ని గట్టిగా తన ఛాతీకి లాక్కున్నాడు. బంతి దూరంగా నేల మీద పడి, రెఫరీ విజిల్ వేశాక వదిలాడు. అప్పటికే కింద పడ్డవాడు హెల్మెట్‌లోంచి అరుస్తున్నాడు.

అతనికి ఇరవై ఏళ్ళు, అవతలి జట్టు కాలేజీలో రెండో ఏడు చదువుతున్నాడు. అంబులెన్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ చలిలో అతని మీద కప్పడానికి రెండు జట్లవాళ్ళూ కోట్లు విప్పి ఇచ్చారు. ఆటని మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఇంటికొచ్చాక గిరిజ జరిగినదంతా విని, "మోకాలు ఎటు తిరిగింది?" అని అడిగింది. ఆదర్శ్ చేత్తో చూపించాడు.

"లోపల కట్టి ఉంచేటివి తెగిపోయుంటయ్. ఆపరేషన్ చేస్తరు. మంచిగ నడవనీకే ఏడాది పడ్తది. ఆట సంగతి చెప్పలేను."

ఆదర్శ్ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

లీగు వాళ్ళు విచారణ వేశారు. ఆటగాడు హెచ్చరికని లక్ష్యపెట్టకుండా కావాలని చేశాడని తేలితే సంగతి కాలేజీ క్రమశిక్షణ కమిటీకి వెళ్తుంది. కాలేజీ తీసేస్తే స్టూడెంట్ వీసా కూడా పోతుంది. విచారణకి ముందురోజు కీత్ కారేసుకుని ఇంటికొచ్చాడు, లోపలికి రమ్మంటే రాలేదు. కారులో కూర్చునే మాట్లాడాడు.

"అడిగేది ఒకటే. బంతి పోయాక వదలమని నువ్వు చెప్పావా లేదా. చెప్పావు, నేను అక్కడే ఉన్నాను. అవును అని చెప్పి ఊరుకో. జట్టు బతుకుతుంది, నువ్వు ఉంటావు. కుర్రాడికి ఏదో ఒక శిక్ష పడుతుంది."

"ఏం శిక్ష?"

"అది మన చేతుల్లో లేదు."

గిరిజ కూడా అదే అంది. "చెప్పినవ్ గద. చెప్పిన అని చెప్పు. అబద్ధమేం గాదు."

"పిలగాని గతి?"

"వాడు నీ కొడుకా? ఆరేండ్లకు నీకో పనన్న దొరికింది, మనిషి లెక్కయినవ్. అది గూడ పోగొట్టుకుంటవా?"



విచారణ విద్యార్థి సంఘం భవనంలో, పైఅంతస్తు గదిలో జరిగింది. బల్లకి అటు ముగ్గురు, ఇటు కీత్, ఆదర్శ్, అమరేందర్. ముందు ఆదర్శ్‌ని అడిగారు. బంతి పోయినట్టు కనపడలేదన్నాడు, విజిల్ వినగానే వదిలేశానన్నాడు. మధ్యలో కూర్చున్న ఆవిడ అమరేందర్‌వైపు తిరిగింది.

"బంతి పోయాక వదలాలని మీరు చెప్పారా?"

"చెప్పాను."

కీత్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ రాసుకుంటుండగా అమరేందర్ మళ్ళీ నోరు తెరిచాడు.

"చెప్పాను. నేర్పలేదు."

"అంటే?"

"మా కసరత్తులో నేను విజిల్ వేస్తేనే వదలాలి. ముందే వదిలితే శిక్ష."

"మీరు ఎప్పుడు వేస్తారు?"

"మనిషి కింద పడ్డాక."

"బంతి చెయ్యి దాటాక కాదా?"

"బంతి ఉండదు."

ఆవిడ పెన్ను ఆపింది. "అర్థం కాలేదు. విసిరేవాణ్ణి అడ్డుకునే కసరత్తులో బంతి ఉండదా?"

"లేదు. ఎప్పుడూ వాడలేదు. నేను నేర్పిన ఆటకి బంతి ఉండదు."

ఆవిడ కీత్‌ని చూసింది. "మీకు తెలుసా ఇది?"

కీత్ బల్లవైపు చూస్తూ తెలుసన్నాడు.

తీర్పు అయిదు రోజులకి వచ్చింది. ఆటగాడు కావాలని చేసినట్టు ఆధారం లేదు, ఒక మ్యాచ్ నిషేధం చాలు, కమిటీకి పంపనక్కర్లేదు. అయితే ప్రమాదకరమైన పద్ధతిలో మొత్తం జట్టుకి శిక్షణ ఇచ్చారు గనక, ఆగిన మ్యాచ్ ఓడినట్టే లెక్క. మిగిలిన మ్యాచ్‌లు ఆడడానికి కూడా వీల్లేదు. అమరేందర్‌ని ఇకముందు మైదానానికి రానివ్వకూడదు. దెబ్బ తిన్న కుర్రాడి గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యమే, అతను త్వరగా కోలుకోవాలని.

జట్టులో పదిమందికి అది ఆఖరి ఏడాది. తీర్పు తెలిసిన సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేశాడు. అతను గొంతు పెంచలేదు. "అవును అని ఆపేస్తే పోయేది. ఒక్కడి సంగతిని అందరి మీదికి తెచ్చావు," అన్నాడు. కోచ్ అని పిలవలేదు. కీత్ ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు.

ఆదర్శ్ కృతజ్ఞత చెబుతాడని గిరిజ అనుకుంది. అతను వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళు లేచి వేరే వరసలోకి వెళ్తున్నారు. చివరికి ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

"నన్ను కాపాడినవ్ అన్నా, కాదన్ను. కానీ నా కాలేజీల నా మొహం ఎవ్వడు చూస్తలేడు."

"డిగ్రీ వస్తది గదరా."

"వస్తది."

"ఇంకేంది మరి?"

"నువ్వు గా బాల్ ఒక్కటి తెచ్చుకుంటే అయిపోతుండె గదన్నా."

గిరిజ గరిటె గిన్నెలో పడేసింది. "పెట్టిన కూడు తినుకుంట గా మాటలేంది ఆదర్శ్?"

"అననియ్యి. వాడన్నది నిజమే," అన్నాడు అమరేందర్.

ఆదర్శ్ ఏప్రిల్లో గది ఖాళీ చేసి లండన్ పక్కన స్లౌలో స్నేహితుల ఫ్లాట్‌కి మారాడు. చివరి ప్రాజెక్టు అక్కడినుంచే పూర్తి చేశాడు. దెబ్బ తిన్న కుర్రాడికి మేలో ఆపరేషన్ అయిందని, ఆ ఏడాది చదువు ఆపేశాడని కాలేజీలో చెప్పుకున్నారు.

సెప్టెంబరు చివర కొత్త విద్యార్థుల కోసం క్లబ్బులు బల్లలు వేసిన రోజు, కీత్ రెండు హెల్మెట్లు ముందు పెట్టుకుని సాయంత్రందాకా కూర్చున్నాడు. మైదానంలోకి దిగడానికి పదకొండు మంది కావాలి. పేరిచ్చినవాళ్ళు, పాతవాళ్ళతో కలిపి, తొమ్మిదిమంది.