వైరు కొనకు బొట్టు

ఆ రోజుల్లో ఇంట్లో ఏ యంత్రమైనా చెడిపోతే, దాన్ని బాగుచేసే బాధ్యత చివరిసారి ముట్టుకున్నవాడి మీద పడేది. ప్రొద్దుటూరులో మా వీధి మొత్తానికి ఒకటే కంప్యూటర్, అది మా ఇంట్లో. కేబుల్ టీవీ ఆయన కొత్తగా సన్నటి ఫైబర్ వైరు లాగి, గోడకు ఒక తెల్ల పెట్టె బిగించి పోయాడు. ఒకసారి ఇంటర్నెట్ ఆగిపోతే ఏం తోచక ఆ పెట్టె స్విచ్చి ఆర్పి మళ్లీ వేశాను. వచ్చేసింది. అంతే, జమ్మలమడుగులో అత్తెసరు మార్కులతో బీకాం గట్టెక్కిన నేను ఆ పూట నుంచి వీధికి ఇంజినీరునయ్యాను. (మా నాయన మాత్రం ‘స్విచ్చి ఇంజినీరు’ అనేవాడు. ఆయనకు నా మార్కులు తెలుసు.) ఎవరింట్లో టీవీ బొమ్మ కదలకపోయినా నాకు కబురొచ్చేది. గంభీరంగా వెళ్లి, స్విచ్చి ఆర్పి, నుదురు ముడిచి కాసేపు నిలబడి, మళ్లీ వేసి వచ్చేవాణ్ణి. విద్యంతా ఆ నిలబడటంలోనే ఉండేది.

ఎదురింటి చాచీ భర్త కువైట్‌లో డ్రైవరు. పెద్దకూతురి నిశ్చితార్థానికి సెలవు దొరకలేదు. శుక్రవారం నమాజు తర్వాత ఒక గంట వదులుతామన్నారట. ఫోన్లో డేటాను ఇంకా చుక్కలు చుక్కలుగా వాడుకునే కాలం కాబట్టి, చాచీ ఆ కార్యక్రమాన్నే మా ముందుగదిలోకి, కంప్యూటర్ ఎదుటికి మార్చేసింది. ముందురోజు సాయంత్రం చాచాతో వీడియోలో మాట్లాడి చూసుకున్నాం. ఆయన ముఖం స్పష్టంగా కనబడింది.

“బిడ్డను చూడల్లప్పా, అదొక్కటే. నీ మీదనే పెట్టినా” అన్నాడు.

“నేనుండా గదా చాచా” అన్నాను. ఇలాంటి మాటలు అనేటప్పుడు నా గొంతు నాకే లావుగా వినబడేది.

శుక్రవారం నాడే ఆయుధపూజ కూడా పడింది. పొద్దున్నే మా ఇంట్లో కత్తిపీట నుంచి నాయన మోటారు సైకిలు దాకా అన్నింటికీ పసుపు, కుంకుమ, పూలు అందాయి. మధ్యాహ్నం దాటాక ఎర్రగుంట్ల నుంచి పెళ్లికొడుకు వాళ్లు వచ్చి, షర్బత్ తాగి, కంప్యూటర్‌కు ఎదురుగా కూర్చున్నారు. పెళ్లికూతురు తల వంచుకుని వచ్చి కూర్చుంది. నేను కుర్చీ లాక్కుని మీట నొక్కాను. ఇంటర్నెట్ లేదు. మెడలో బంతిపూల దండతో ఉన్న పెట్టె మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది.

స్విచ్చి ఆర్పి, నిలబడి, వేశాను. ఎర్ర లైటే. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు నిలబడి వేశాను. అయినా అదే. కేబుల్ ఆయన పండక్కి పులివెందులలో అత్తగారింట్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, ఎర్ర లైటంటే వైరు యాడనో తెగిందని, లారీ ఏదైనా తగిలిందేమో చూడమని చెప్పి భోజనానికి పోయాడు. నేను తల పైకెత్తుకుని స్తంభం స్తంభం చూసుకుంటూ వీధి చివరిదాకా నడిచాను. అరుగుల మీది ఆడవాళ్లందరూ తలలు పైకెత్తారు. (ఏం చూస్తున్నామో వాళ్లెవరూ అడగలేదు. అదీ నా మీద వాళ్లకున్న గౌరవం.) వైరు ఎక్కడా తెగలేదు. తిరిగి వచ్చేసరికి పెళ్లికొడుకు పెదనాయన మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు. చాచీ నా వైపు చూసింది అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి మా అవ్వ పిలిచింది. అవ్వది పెద్దముడియం, గొర్రెలు కాసుకుంటూ పెరిగిన మనిషి. గొడ్డలైనా పారైనా పిడి ఊడదీసి, కడిగి, బొట్టు పెట్టి, మళ్లీ బిగిస్తేనే అది పూజ అని ఆమె నమ్మకం.

“పూజలో ఏమన్నా తక్కువ జేసినానాప్పా?” అంది మెల్లగా. “నీ పనిముట్టు గదాని నేనే చేసినా. వైరు ఊడదీసి, కొనకు గూడా పెట్టినా.”

వెళ్లి వైరు ఊడదీశాను. ఇంటర్నెట్‌ను వెలుగుగా మోసే గాజుపోగు ఉన్న ఆ సన్నటి కొన మీద పసుపు, పసుపు మధ్యలో చక్కగా గుండ్రటి కుంకుమ బొట్టు. వెలుగు దూరడానికి సందు లేకుండా, ఎంతో శ్రద్ధగా పెట్టింది. పులివెందులకు మళ్లీ ఫోన్ చేశాను. “కొనకా?” అని కేబుల్ ఆయన రెండుసార్లు అడిగాడు. తర్వాత, దూదిని స్పిరిట్‌లో తడిపి తుడిచి, ఆరినాక పెట్టమన్నాడు. మెడికల్ షాపుకు పరిగెత్తాను. తుడిచి, పెట్టి, తీసి మళ్లీ తుడిచి పెట్టాక లైటు పచ్చబడింది.

చాచా అక్కడే, తెల్లబట్టల్లో, కదలకుండా కూర్చుని ఉన్నాడు. గంటలో చాలా భాగం ఖాళీ తెరనే చూస్తూ గడిపాడట. కూతురు తలెత్తింది. వేలికి ఉంగరం తొడుగుతుంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నిమిషంలో నాకూ కళ్లు మండాయి. స్పిరిట్ ఘాటని అందరికీ చెప్పాను.

అంతా అయ్యాక చాచీ అడిగింది, “ఏమైండె నాయనా?”

అవ్వ గుమ్మంలో కొంగు నలుపుతూ నిలబడి ఉంది.

“వైరు వదులైండె చాచీ. నేనే సరిగ్గా బిగించలే” అన్నాను. నాయన నా వైపు కొత్తగా చూశాడు. స్విచ్చి ఇంజినీరు అన్న మాట ఆ తర్వాత ఆయన నోట వినలేదు.

ఇప్పుడు నాకు జీతం ఇచ్చేదే ఇలాంటి పెట్టెలు చూసుకున్నందుకు. అవ్వ లేదు. ఆయుధపూజకు ఆఫీసులో పెట్టె మూత మీద బొట్టు నేనే పెడతాను, కొనల జోలికి పోను. ఎక్కడ ఎర్ర లైటు వెలిగినా మాత్రం ముందు వైరు ఊడదీసి కొన చూస్తాను. పక్కనున్నవాళ్లు అదేదో పద్ధతి అనుకుంటారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ పసుపు కనబడలేదు. కనబడితే బాగుండని, చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.