ఎనిమిది వరసల కుట్టు

వీధిలో అందరూ ఆవిణ్ని టోపీలమ్మ అంటారు. టోపీల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది మరి. ఎదురింటి దర్జీ కనిపించినప్పుడల్లా, "లోకం మొత్తానికి టోపీ పెట్టొచ్చావు కదా వదినా," అని ఏడిపిస్తాడు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క టోపీ కూడా మొదటినుంచి చివరిదాకా కుట్టలేదని ఆయనకి తెలియదు. ఇంట్లోవాళ్లకీ తెలియదు. కళ్లకి నీడనిచ్చే ముందంచు మీద ఎనిమిది వరసల కుట్టు వేసి, పక్క బల్ల మీదికి తోసెయ్యడం, అంతే ఆవిడ పని. మిగతా ముక్కలు ఎవరో కత్తిరించేవారు, ఇంకెవరో అతికేవారు.

మనవరాలికి బడి నాటకంలో ఓడ కెప్టెన్ వేషం వచ్చింది. అట్టతో టోపీ చేయిస్తానని టీచరంటే ఆ పిల్ల వద్దందట.

"మా నానమ్మ కుడుతుందని క్లాసంతా చెప్పేశాను," అంది.

"అంతకన్నానా," అంది నానమ్మ.

పాత తెల్ల దుప్పట్లో చిరగని భాగం చూసి కత్తెర పట్టింది. ముందంచు గంటలో తయారైంది. ఎనిమిది వరసలూ గీత గీసినట్టు వచ్చాయి. పైభాగానికి పిల్ల తల చుట్టుకొలత తీసి, ఆరు భాగాలు చేసి, సరిగ్గా అంతే వెడల్పున ఆరు ముక్కలు కత్తిరించి అతికింది. తీరా పెట్టి చూస్తే నడినెత్తిన గిన్నె బోర్లించినట్టు కూర్చుంది. కిందికి లాగితే పిగిలింది.

పిలిస్తే వచ్చిన దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కుట్టులోకి పోయే గుడ్డ వదల్లేదేంటి వదినా? ఇన్నేళ్లూ అక్కడేం చేశావు?" ఈసారి ఆయన వేళాకోళమాడలేదు. గుమ్మంలో నిలబడ్డ కోడలు చూపు తిప్పుకుంది.

తెల్లారితే నాటకం. ఆవిడ పెట్టె అడుగునుంచి, పనిలోంచి తీసేసిన రోజు ఫ్యాక్టరీవాళ్లు చేతిలో పెట్టిన నీలం టోపీ తీసింది. అప్పటి కవరు అలాగే ఉంది. బ్లేడుతో ఫ్యాక్టరీ పేరు ఊడదీసి మనవరాలికి పెట్టింది. వెనక పట్టీ బిగిస్తే సరిగ్గా సరిపోయింది.

"ఇది నువ్వే కుట్టావా?"

"ముందంచు..." అంటూ టోపీ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఎనిమిది వరసలు. ఆ కుట్టు వేసే బల్ల దగ్గర ఆవిడతో కలిపి పదకొండుమంది ఆడవాళ్లు కూర్చునేవారు. ఎవరి చెయ్యో తెలియకుండా ఉంటేనే మంచి పని అనేవాడు సూపర్‌వైజరు. ఆ మాట ఎక్కువసార్లు మెచ్చుకోలుగా అన్నది ఆవిడతోనే.

వేలు కుట్టు వెంబడే నడిచి, మళ్లీ మొదటికొచ్చింది.

"చెప్పు నానమ్మా. రేపు అందరూ అడుగుతారు."

"ఏమో తల్లీ," అంది ఆవిడ.