పైనింటి పిల్లకు గాజులు

మా అమ్మకు నా రాజకీయాల మీద పెద్ద గౌరవం ఎప్పుడూ లేదు. సెలవు రోజున నేను అట్టముక్క మీద నినాదం రాసుకుని, ఊళ్ళో నిరసనలకని వదిలిన పార్కుకు పోయి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి ఇంటికొస్తే, "అయిందా అరిచేది? మజ్జిగ తాగు," అనేది. ఎవరి కోసం అరిచానో అడిగేది కాదు. అడిగితే గంటసేపు వదలనని ఆమెకు తెలుసు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాను, పెళ్ళి తెంచుకుని పుట్టింటికి వచ్చేశాను, నోరు కొంచెం ఎక్కువ. మా వీధికి నా గురించి తెలిసింది ఇంతే.

మా ఇల్లు నాన్న కట్టించింది. అనంతపురం వైపు నుంచి కుర్రతనంలోనే ఈ ఊరొచ్చి, ఫ్యాక్టరీలో పనిచేసి, పాత లేఅవుట్‌లో రెండంతస్తులు లేపాడు. కింద మేము, పైన అద్దెకు. నాన్న పోయిన కొన్నాళ్ళకు పై ఇల్లు ఖాళీ అయితే, ఉగాండా నుంచి చదువుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు గేటు దగ్గర నిలబడి అడిగారు. అప్పటికే చాలా ఇళ్ళు తిరిగినట్టు వాళ్ళ ముఖాలే చెప్పాయి. ఇచ్చి తీరాలని నేను ఉపన్యాసం సిద్ధం చేసుకునేలోగా అమ్మ ఒకే ప్రశ్న వేసింది. "చెప్పులు మెట్ల కిందే విడుస్తారా, అడుగు." విడుస్తామన్నారు. తాళం చేతిలో పెట్టేసింది. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ వంటింట్లో చేరి పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవాళ్ళు. నేను మధ్యలో దూరి అనువాదం చేయబోతే ఇద్దరికీ విసుగు. వాళ్ళ దేశంలో పచ్చి అరటికాయలు ఉడకబెట్టి ముద్ద చేసుకుంటారని తెలిసినప్పుడు అమ్మ సంబరం చూడాలి. "మన సంగటి మాదిరే గదా!" అంది. ఆ తర్వాత సంతకు పోతే ఒక గెల అరటికాయలు పైకి వెళ్ళాల్సిందే. ఆ పిల్ల అమ్మను అమ్మా అనే పిలిచేది. అమ్మ పాపా అనేది.

ఆ ఏడు ఎన్నికలు. ఎవరు గెలిస్తే ఎవరు ఊరు విడిచిపోవాలో టీ అంగడి దగ్గర తేల్చేస్తున్న రోజులు. ఒకరోజు భాష పేరుతో, మరొకరోజు మతం పేరుతో, ప్రతివారికీ ఎవరో ఒక బయటివాడు కావలసి వచ్చాడు. అంతలో మా వీధి వాట్సాప్ గుంపులోకి ఒక వీడియో వచ్చింది. ఎక్కడో ఒక నల్లజాతి కుర్రాడు పోలీసులతో పెనుగులాడుతున్నాడు. అది మన ఊరే కాదని నేను రాశాను. ఎవరూ చదివినట్టు లేదు. మత్తుమందులు, చీకటి వ్యాపారాలు, మన పిల్లల భద్రత అంటూ మాటలు పెరిగాయి. ఆదివారం మా వీధి సంఘం కూర్చుని, విదేశీయులను నెలాఖరుకల్లా ఖాళీ చేయించాలని తీర్మానించింది. మా వీధిలో విదేశీయులంటే వాళ్ళిద్దరే.

సంఘం అధ్యక్షుడు తీర్మానం చెప్పడానికి మా ఇంటికొచ్చాడు. నాన్న స్నేహితుడే. అమ్మ కాఫీ ఇచ్చి అడిగింది.

"ఆ పాప కడుపుతో ఉండాదప్పా. ఏడో నెల. ఇప్పుడు యాడికి పోతాది?"

"అది మన తలనొప్పి కాదు వదినా. వీధి మాట వినకపోతే రేపు వీధి కూడా మీ మాట వినదు."

ఆ మాటకు అర్థం మర్నాడు తెలిసింది. మా వీధికంతా ఒకటే బోరు. ఇంటింటికీ వదిలే వాల్వుల తాళం అధ్యక్షుడి ఇంట్లో ఉంటుంది. అందరి ఇళ్ళకూ నీళ్ళొచ్చాయి, మా ఇంటికి రాలేదు. ట్యాంకరు పిలిస్తే వీధి మొదట్లోనే ఎవరో ఆపి వెనక్కి పంపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లాయరు స్నేహితురాలికి ఫోన్ చేశాను. నోటీసు తయారు చేయించాను. పార్కులో నాతోపాటు అరిచేవాళ్ళందరినీ మా వీధికే రమ్మంటానన్నాను. అమ్మ వింటూనే ఉంది కానీ చూపు మాత్రం కిటికీ బయట ఉంది. ఆ పిల్ల నీళ్ళ క్యాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని మెట్లెక్కుతోంది. భర్త ఇల్లు వెతకడానికి పోయాడు. రోజూ పోతున్నాడు, రోజూ ఉత్తచేతులతో వస్తున్నాడు. ఇంకొన్ని వారాలైతే విమానంలో కూడా ఎక్కించుకోరట. ఇల్లు దొరక్క, దేశానికీ పోలేక, ఆ పిల్ల ఎక్కడ కనాలి? అమ్మ పరుగున పోయి క్యాను లాక్కుంది. తిరిగొచ్చి, రొప్పుతూనే అంది.

"నీ నోటీసు నువ్వు పంపుకో. శుక్రవారం నేను పాపకు గాజులు తొడిగిస్తా."

"ఇప్పుడా? శ్రీమంతమా?"

"మరి ఏడో నెల గాక ఎప్పుడు చేస్తారే?"

ఆ పిల్ల చర్చికి పోయే పిల్ల. ఇష్టమో కాదో కనుక్కురమ్మని నన్నే పైకి పంపింది. ఆ పిల్ల అంతా విని, పాటలుంటాయా అని అడిగింది. ఉంటాయన్నాను. "అయితే మా ఊళ్ళో అత్తలు చేసేదీ దాదాపు ఇదే," అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను.

ఇక్కడొక చిక్కు ఉంది. శ్రీమంతానికి ఆడవాళ్ళను బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టి పిలిచినప్పుడు రాకపోవడం మావాళ్ళలో పెద్ద తప్పు, శత్రువులైనా వచ్చి పోతారు. కానీ బొట్టు పెట్టే అర్హత ముత్తైదువకే. మా అమ్మ భర్త పోయిన మనిషి. నేను భర్తను వదిలేసిన మనిషిని. ఇంట్లో అర్హత ఉన్న ఏకైక ముత్తైదువ ఆ పైనింటి పిల్ల. తన శ్రీమంతానికి తనే పిలుచుకోకూడదు కదా. నాన్న పోయిన తర్వాత ఈ వీధిలో ఏ పేరంటానికీ అమ్మను పిలవలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు పట్టుచీరలు మా గేటు ముందు నుంచే సాగిపోయేవి, అమ్మ లోపల టీవీ శబ్దం పెంచుకునేది. అది నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని, చూస్తే ఏడుపొస్తుందని.

అమ్మ కుంకుమభరిణె పట్టుకుని తనే బయల్దేరింది. నేను వెనకాల. ప్రతి గేటు దగ్గరా నిలబడి, మూత తీసి ముందుకు చాపింది.

"నేను పెట్టగూడదని మీరే అంటారు గదమ్మా. అందుకే మీరే పెట్టుకోండి. శుక్రవారం పొద్దున మా ఇంట్లో గాజులు."

ఆడవాళ్ళు తెల్లబోయారు. చాపిన కుంకుమను వద్దనడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వేలు ముంచి, నొసట అద్దుకున్నాక గానీ ఎవరికి గాజులని అడగలేదు. చెప్పాక కొందరి ముఖాలు మాడిపోయాయి. నాకు లోలోపల నవ్వు. అమ్మ మాత్రం నవ్వలేదు. అధ్యక్షుడి ఇంట్లో ఆయన భార్య తలుపు తీసింది. అమ్మకు ఒకప్పటి ప్రాణస్నేహితురాలు, నాన్న పోయాక పిలుపులు మానేసిన వాళ్ళలో మొదటి మనిషి. భరిణెను చూసి, అమ్మ ముఖం చూసి, బొట్టు పెట్టుకుంది.

గాజులకు నగర్తపేట పోయాం. అక్కడి ఇరుకు అంగళ్ళలో అమ్మ బేరమాడుతుంటే పక్కనున్నవాళ్ళు తప్పుకోవాలి. ఆ రోజు బేరమే ఆడలేదు. ఆ పిల్ల చేతి కొలతకని తెచ్చిన దారం చూపించి, పచ్చటివి, నిండుగా కావాలంది.

శుక్రవారం వీధి మొత్తం రాలేదు. ఆరేడు మంది వచ్చారు, అధ్యక్షుడి భార్య అందరికన్నా ఆలస్యంగా. వచ్చినవాళ్ళు మొదట గోడ వారన, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నారు. అమ్మ ఆ పిల్లకు చీర కట్టి, తలలో మల్లెపూలు పెట్టి పీట మీద కూర్చోబెట్టింది. అంత ఒత్తైన ఉంగరాల జుట్టులో పూలు నిలవక జారిపోతుంటే ఎదురింటామె ఉండబట్టలేక లేచి తన జడలోని పిన్ను తీసి గుచ్చింది. తర్వాత గాజులు తనే అందుకుంది. బొటనవేలి మొదట్లో ఒకటి ఇరుక్కుంటే, "వేళ్ళు దగ్గరికి ముడువు పాపా, ఇట్ల," అని చెయ్యి తన ఒడిలోకి లాక్కుంది. ఇంకొకామె పాట అందుకుంది. పిల్లను పీట మీద కూర్చోబెట్టి లోపలికి పోయిన అమ్మ మళ్ళీ వంటింటి గడప దాటి రాలేదు. చిత్రాన్నం, ఓళిగలు అందిస్తూ అక్కడి నుంచే చూస్తోంది.

ఇక లేచే వేళకు అధ్యక్షుడి భార్య గొంతు సవరించుకుంది.

"గాజులు అయిపాయె గదక్కా. ఇంగ ఆచారం ప్రకారం పుట్టింటికి పంపాల. ఎప్పుడు పంపిస్తాండావు?"

తీర్మానాన్ని ఆచారం మీద పెట్టి మర్యాదగా అడిగిందని అందరికీ అర్థమైంది. నా నోరు తెరుచుకుంది. అమ్మ చేత్తోనే ఆపింది.

"యాడికి పంపేది? శ్రీమంతానికి గాజులు తెచ్చేది ఎవురు? పుట్టింటోళ్ళు గదా. ఈ గాజులు నేను తెచ్చినా. అంటే ఈ పాపకు పుట్టిల్లు ఇదే. కాన్పు ఈడనే. మూడో నెల దాకా బాలింతను గడప దాటించేది లేదు. పుట్టింట్లో ఉండే బిడ్డను పంపించేయమని అడగొచ్చా చెల్లెలా? నువ్వే చెప్పు."

ఆమె కొంగు సర్దుకుంది, నేల చూసింది. ఆ పిల్ల అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, ఏమన్నారని నన్ను అడిగింది. ఎన్నడూ లేనిది, ఆ రోజు అనువాదం నా వల్ల కాలేదు. రెండు మాటలు చెప్పి ఏడ్చేశాను. ఆ రెండు మాటలే చాలినట్టున్నాయి.

తాంబూలాలు తనే ఇవ్వాలని ఆ పిల్లకు అమ్మ ముందే నేర్పింది. నొసట బొట్టు, చేతిలో ఆకు వక్క, పండు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరినీ వదలొద్దని గట్టిగా చెప్పింది. చెప్పినప్పుడు తనను లెక్కలో వేసుకోలేదు. పేరంటాల్లో తనను లెక్క వేసుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆ పిల్ల అందరికీ పెట్టింది, నాకూ పెట్టింది. తర్వాత గాజులు గలగలలాడుతుండగా వంటింటి గడప దగ్గరికి పోయి, అమ్మ నొసటి మీద నిండుగా, గుండ్రంగా బొట్టు పెట్టింది.

ఎవరో అయ్యో అన్నారు. అమ్మ చెయ్యి పైకి లేచి, సగంలో ఆగింది. ఏం తప్పు చేశానోనని ఆ పిల్ల నా వైపు చూసింది. అప్పుడు అధ్యక్షుడి భార్య లేచి వచ్చి, అమ్మ ముక్కు మీద రాలిన కుంకుమను తన కొంగుతో తుడిచింది. బొట్టును మాత్రం ముట్టుకోలేదు. "పోయొస్తానక్కా," అని తాంబూలం తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం సంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. నేను పంపిన నోటీసు కూడా పనిచేసిందని నా గట్టి నమ్మకం, అమ్మ ఒప్పుకోదు. పై నుంచి ఆ పిల్ల సంతోషంతో ఏదో కేక వేసింది. అమ్మ కొళాయి దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంది, చేతులు, మెడ, చెంపలు కడుక్కుంది. నొసటి దగ్గరికి రాగానే తడిచేతిని దూరంగా పెట్టుకుంది. తువ్వాలు ఇస్తూ, వీధిలో రేపు ఏమంటారో అన్నాను, ఆటపట్టించడానికే.

"ఏమన్నా అననీ," అంది అమ్మ. "బిడ్డ పెట్టిండేది ఎట్ల కడుక్కునేది?"