వెల్డా వాకిట్లో బోర్డు

మా పక్కింటి వెల్డా రిటైరయ్యేదాకా బడి వంటగదిలో పనిచేసింది. మా ఆయన పోయినప్పుడు రోజూ సూప్ తెచ్చి, ఎదురుగా కూర్చుని నా చేత తాగించింది.

ఇళ్లలో దెబ్బలు తినే పిల్లల్ని తెచ్చి సాకడానికి ఇంటిపన్ను పెంచాలా వద్దా అని అమెరికాలో, ఒహైయో రాష్ట్రంలోని మా కౌంటీలో ఓటు పెట్టారు. ఆ పిల్లల్ని చూసుకునే కౌంటీ ఆఫీసులో పనిచేసే కోరిన్ అడిగితే, ‘అవునని ఓటేయండి’ అనే బోర్డును వెల్డా తన వాకిట్లో గుచ్చనిచ్చింది. చర్చి హాల్లో ఓటేసి కారులో వస్తూ మాత్రం నాతో, “కాదనే వేశానే. ఈ పింఛనులో ఇంకెక్కణ్ణించి కట్టను?” అంది.

పన్ను ఓడిపోయింది. మర్నాడు బోర్డు తీసుకెళ్లడానికి కోరిన్ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

“వీధంతా మొహం చాటేసింది ఆంటీ. మీరొక్కరే మా పక్కన నిలబడ్డారు. ఇక పిల్లల్ని ఎక్కడెక్కడికో పంపేయాల్సిందే” అంటూ వెల్డాను వాటేసుకుంది.

వెల్డా తిరిగి వాటేసుకోలేదు. “వదులమ్మా. నేనూ కాదనే వేశాను.”

కోరిన్ వెనక్కి జరిగింది. “మరి బోర్డెందుకు పెట్టించుకున్నారు?”

“నువ్వొచ్చి అడిగావు. నీ మొహం చూస్తూ కాదనలేకపోయాను” అంది వెల్డా, గడ్డి వైపు చూస్తూ.