ఒడిబియ్యం, పెద్దపల్లి దాకా

ఆమె సుల్తానాబాద్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. చూస్తే మన వైపు మనిషి కాదు, మాట మాత్రం అచ్చం మనదే. తనది శ్రీలంక అని, దుబాయ్‌లో పనిచేస్తున్నప్పుడు సుల్తానాబాద్ అతన్ని పెళ్లి చేసుకున్నానని టికెట్ తీసుకునేలోపే చెప్పేసింది.

"పదకొండేండ్లు గీడ ఉండెటందుకు ఇచ్చే పర్మిట్ మీదనే ఉన్ననక్కా. ఇయ్యాల పెద్దపల్లి కలెక్టరాఫీసుల ప్రమాణం చేస్తే గీ దేశపుదాన్నైత."

"మంచిదే కద చెల్లె," అన్నాను.

"మంచిదే. పెనిమిటి గీడోడే, పిల్లలు గీడోళ్లే. కని ఇగ నన్ను కన్న మా అవ్వను చూడాల్నంటే వీసా అడుగాలె."

నా ఒడిలో పసుపు బియ్యం మూట ఉంది. కరీంనగర్‌లో మా తల్లిగారు దీవించి నా కొంగులో పోసిన ఒడిబియ్యం, మందమర్రిలో అత్తగారింటికి తీసుకెళ్తున్నాను. ఆమె చాలాసేపు ఆ మూటనే చూసింది.

"నాకు పోసెటోళ్లు లేరక్కా. మా అవ్వకు గిదేందో ఎరుకనే లేదు. జర పట్టుకోనా?"

పుట్టింటి ఒడిబియ్యం ఇంకొకరి ఒడిలో పెట్టవచ్చా అని ఆలోచించాను, నిజం చెప్పాలి. ఆలోచిస్తూనే ఇచ్చాను. ఆమె కొంగు పరిచి మూటను అందులో పెట్టుకుంది. పెద్దపల్లి దాకా ఆ కొంగు అంచులు వదల్లేదు.

దిగే ముందు మూటను మళ్లీ నా ఒడిలో పెట్టింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. ఒక చేతిలో కాగితాల సంచితో రోడ్డు దాటుతోంది. రెండో చేయి ఖాళీ కొంగును ఇంకా అలాగే, ఏదో ఒలికిపోకుండా పట్టుకుని ఉంది.